తల దించని కోళ్లు

అయిదూళ్ల మున్సిపాలిటీకి ఆ పేరు ఎవరూ పెట్టలేదు. ఎవరూ ఎవర్నీ పెట్టనివ్వకపోవడం వల్ల అది దానంతటదే పడింది. దిబ్బవలస, ఎర్రగెడ్డ, సంతతోట, కూనపాలెం, గుమ్మడివాడ అనే అయిదు పల్లెల్ని కలిపి పట్నం చేసినప్పుడు, దిబ్బవలస పేరు పెడితే రోడ్డు మీద పడుకుంటామని ఎర్రగెడ్డ వాళ్లు అన్నారు. ఎర్రగెడ్డ పేరు పెడితే మేం పడుకుంటామని దిబ్బవలస వాళ్లు అన్నారు. తక్కిన మూడూళ్ల వాళ్లూ ఎవరి పేరు పెట్టినా సరే పడుకుందామని చాపలు సిద్ధం చేసుకున్నారు. విసుగెత్తిన పై ఆఫీసువాళ్లు కాగితంలో 'సదరు అయిదు ఊళ్ల మున్సిపాలిటీ' అని రాసి చేతులు దులుపుకున్నారు.

ఈ పౌరుషం ఈనాటిది కాదు. అమ్మవారి పండగలో ఏ ఊరి ఘటం ముందు గుడి గుమ్మం దాటాలన్న తగువు తాతల కాలం నుంచీ ఉంది. చివరికి పెద్దమనుషులు కూచుని, అయిదు ఘటాలూ పక్కపక్కన ఒక్కసారే దాటాలని తీర్పు చెప్పి, అందుకు సరిపడా గుమ్మం పగలగొట్టించి వెడల్పు చేయించారు. ఇప్పుడా గుమ్మంలోంచి గడ్డి లారీ ఒకటి సుఖంగా వెళ్లొస్తుంది. అమ్మవారు మాత్రం కాస్త చిన్నబోయినట్టు కనిపిస్తుంది.

అటువంటి చోట, సంతతోట లక్కబొమ్మల వీధిలో ఉంటుంది నూకరత్నం. యాభై రెండేళ్ల మనిషి. భర్త పోయాక లేతు మిషను ముందు పీట తనే వేసుకుంది. ఉలి పట్టిన చెయ్యి ఎంత నిదానమో, నోరు అంత చురుకు. ఆ వీధిలో పదకొండు లేతులుండేవి. ఉండేవి అనడం ఎందుకంటే, ఎనిమిది నెలలుగా అంకుడు కర్ర రావడం లేదు. అంకుడు తెల్లని కర్ర, ఉలి కింద వెన్నలా నడుస్తుంది, లక్క పూస్తే పట్టుకుని వదలదు. అది లేకపోతే లక్కబొమ్మ లేదు. అడవిలో కొమ్మ ముట్టుకోకూడదనీ, సర్కారు సిఫారసు ఉన్నవాళ్లకే డిపోలో కర్ర ఇస్తామనీ అటవీ శాఖవాళ్లు కొత్త నిబంధన తెచ్చారు. దాంతో పదకొండింట్లో ఏడు లేతులు మూగబోయాయి. ఒకదాని మీద బియ్యం బస్తా పెట్టారు. ఒకదాని మీద బట్టలు ఆరేస్తున్నారు. ఇంకోదాని మీద పిల్లి ఈనింది. రెండు కుటుంబాలు రొయ్యల కంపెనీలో తలకాయలు తియ్యడానికి వెళ్లిపోయాయి. దసరా లోపు కర్ర రాకపోతే మిగతావాళ్లం కూడా రొయ్యల దారే పట్టాలని నూకరత్నం మరిది సన్నిబాబు పొద్దుటే లేచి ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి అంటూ ఉండేవాడు.

సరిగ్గా అప్పుడే కమిషనర్ చక్రధర్ గారు శిక్షణ నుంచి తిరిగొచ్చారు.

ఏ శిక్షణో ఎవరికీ సరిగ్గా తెలియదు. వెళ్లేటప్పుడు ఆయన మురిక్కాలవల గురించి మాట్లాడేవారు, వచ్చేటప్పటికి చలనం గురించి మాట్లాడుతున్నారు. ప్రతి పట్టణంలోనూ తొంభై రోజుల్లోగా 'స్థానిక జానపద క్రీడావస్తు స్ఫూర్తితో చలనశీల బహిరంగ కళాఖండం' ఒకటి నిలబెట్టాలని ఉత్తర్వు వచ్చింది. చక్రధర్ గారు జీపు దిగి లక్కబొమ్మల వీధిలోకి నడిచి, నూకరత్నం అరుగు మీదున్న బొమ్మల్లో ఒకదాన్ని తీసి పైకెత్తి చూశారు. పిడి ఉన్న చెక్క పలక. దాని మీద గుండ్రంగా అయిదు కోళ్లు. ఒక్కో కోడి మెడ నుంచి ఒక్కో దారం పలకలోని బెజ్జంలోంచి కిందికి దిగి, అన్నీ కలిసి ఒక చెక్క గుండుకు ముడిపడి ఉంటాయి. గుండును గిర్రున ఊపితే కోళ్లు ఒకదాని తరవాత ఒకటి వంగి, మధ్యలో పచ్చ చుక్కలుగా వేసిన గింజల్ని టక్ టక్ మని పొడుస్తాయి.

"అమ్మా, ఇది మన సామూహిక అస్తిత్వానికి ప్రతీక," అన్నారు కమిషనర్.

"కాదు బావూ, కోడిపెట్ట," అంది నూకరత్నం.

"దీన్ని ముప్ఫై అడుగుల ఎత్తున, నాలుగు రోడ్ల కూడలిలో ప్రతిష్ఠిస్తే?"

"ఇంత గుండుని ఎవులు ఊపుతారు?"

"ప్రభుత్వం ఊపుతుంది."

నూకరత్నం ఉలి పక్కన పెట్టింది. కూలి మీరిచ్చిందే పుచ్చుకుంటామంది. కానీ ఇంకోటి కావాలంది. మా వీధికి అంకుడు కర్ర రావాలి, దానికి తమరి సిఫారసు కావాలి.

"బొమ్మ కదులుతోందని పైవాళ్లిచ్చే చలన ధ్రువపత్రం రావడమే తరువాయి, ఆ మరుక్షణం సిఫారసు చేస్తాను," అన్నారు కమిషనర్. "బొమ్మ కదిలితే కర్ర కదులుతుంది."

"మరోపాలి సెప్పండి బావూ, మా మరిది కూడా ఇంటాడు."

ఆయన మరోసారి చెప్పారు. సన్నిబాబు విన్నాడు.

పని మొదలైంది. తుపానులో పడిపోయిన వేపచెట్లు మున్సిపాలిటీ ఆవరణలో ఏడాదిగా పడున్నాయి, వాటిని ఇచ్చారు. నిలువెత్తు కోడిని తిప్పే లేతు భూమ్మీద లేదు కాబట్టి, ట్రాక్టరు చక్రానికి పట్టా తగిలించి దుంగని తిప్పారు. ట్రాక్టరు గేరు మార్చినప్పుడల్లా కోడి పొట్ట పలచబడేది. మొగలాకుతో రుద్ది రుద్ది లక్కకి మెరుపు తెచ్చారు. గుండు బదులు నీళ్ల డ్రమ్ములో ఇసక నింపి ఇనప తీగలతో వేలాడదీశారు. మున్సిపల్ ఏఈ త్రినాథ్ అంచనాలు రాయబోతే, కంప్యూటర్లో 'కోడి' అని కొట్టగానే అది పశువైద్యం పేజీ తెరిచి టీకాలు వేయించారా అని అడిగేది. త్రినాథ్ ఒక పూట ఆలోచించి 'వేయించాం' అని కొట్టాడు. అప్పుడది ముందుకు కదిలింది.

పరీక్ష నాడు ఇద్దరు మనుషులు డ్రమ్మును తోశారు. ఎర్రకోడి వంగింది, పచ్చకోడి వంగింది, నీలం, పసుపు, నల్లది. టక్, టక్, టక్ మని ఆ చప్పుడు సంత దాకా వినిపించింది. కూరగాయలమ్మే వాళ్లు తక్కెళ్లు వదిలేసి వచ్చారు. బడి పంతులొకాయన గొడుగు తిరగేసి పట్టుకుని నోరు తెరుచుకు చూశాడు. నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు చేసి కళ్లు తుడుచుకుంది. చేత్తో పట్టుకునే బొమ్మ ఆకాశంలో ఆడుతోంటే ఎవరికి మాత్రం సంబరం ఉండదు!

ఆ రోజే ధ్రువపత్రం రాసేస్తే కథ లేదు. కానీ కమిషనర్ గారికి ఆలోచన వచ్చింది.

"అయిదు కోళ్లు, అయిదు ఊళ్లు. దీన్ని యాదృచ్ఛికంగా వదిలెయ్యకూడదు. ఒక్కో కోడి మెడలో ఒక్కో ఊరి పేరు బోర్డు వేద్దాం. సమ్మిళిత ప్రాతినిధ్యం!"

"ఒద్దు బావూ," అంది నూకరత్నం. "మా ఊళ్ల సంగతి తమరికి తెల్దు. కోళ్లని కోళ్లలాగే ఉండనీండి."

"అమ్మా, ప్రజల్లో యాజమాన్య భావన రావాలి."

సాయంకాలానికి బోర్డులు పడ్డాయి. తెల్లారేసరికి యాజమాన్య భావన వచ్చేసింది.

ముందు వచ్చింది దిబ్బవలస కౌన్సిలర్ పోలినాయుడు, బుల్లెట్టు మీద. బండి స్టాండు కూడా వెయ్యకుండా వెనకాల వాడికి అప్పగించి కోళ్ల కింద నిలబడ్డాడు. డ్రమ్ము ఊగుతోంది. దిబ్బవలస బోర్డున్న ఎర్రకోడి అందరికంటే ముందు వంగుతోంది.

"ఆపండి!" అన్నాడు. "ఎవులురా దీన్ని కట్టింది?"

"నానే బావూ," అంది నూకరత్నం.

"మా దిబ్బవలస ఎవులికైనా ముందు తలొంచినట్టు నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఇన్నావేటి?"

"గింజలు తింతంది గానీ, తలొంచడం కాదు బావూ."

"తినడానికైనా ముందు ఎర్రగెడ్డోళ్లు ఒంగాల. మేం తరవాత తింతాం."

ఈ మాట పదకొండు నిమిషాల్లో ఎర్రగెడ్డ చేరింది. ఎర్రగెడ్డ కౌన్సిలర్ మంగవేణి ఆటోలో, ఇద్దరు ఆడబిడ్డలతో సహా దిగింది. ఆవిడ ముందు చుట్టూ తిరిగి చూసింది. తిరిగితే మరోటి కనిపించింది.

"ఓలమ్మో! మా ఊరి బస్సు దిగీసరికి ఎదురుగా కోడి తోకేటి? ఆ పోలినాయుడి కోడి తోక మా మొకానికి ఎదురుగా ఎట్టినారా? ఒలే నూకరత్నం, ఇదేటి న్యాయం?"

"గుండ్రంగా నిలబడితే ఎవులి తోకో ఎవులికో కనబడతాదమ్మా. కోడికి తోక ముందరుండదు కదా."

"ఉండేలాగ సెయ్యి!"

మూడో నాటికి కౌన్సిల్ అత్యవసర సమావేశం పెట్టారు. నూకరత్నాన్ని సాంకేతిక నిపుణురాలి హోదాలో పిలిచి తలుపు దగ్గర నిలబెట్టారు. ఇంతలో డ్రమ్మును కూడా గొలుసు వేసి కట్టేశారు, శాంతిభద్రతల దృష్ట్యా.

మొదట కమిషనర్ గారే ఒక సూచన చేశారు. ముందూ వెనకా లేకుండా అయిదు కోళ్లూ ఒకేసారి వంగితే? గుడి గుమ్మం తీర్పు గుర్తున్న పెద్దవాళ్లు బాగుంది బాగుంది అన్నారు. గొలుసు విప్పి, తీగలన్నీ ఒకే పొడవు చేసి, డ్రమ్మును తిప్పడం మానేసి నిటారుగా కిందికి లాగించారు. అయిదు కోళ్లూ ధబేలున ఒక్కసారే వంగాయి. చూడ్డానికి మేత తిన్నట్టు లేదు, సాష్టాంగం పడ్డట్టు ఉంది. కిటికీలోంచి చూస్తున్న గుమ్మడివాడ సభ్యుడికి అనుమానం వచ్చింది.

"అందరం కలిసి ఎవులికి దండం ఎడతన్నాం?"

సభ మొత్తం కిటికీ దగ్గరికి వచ్చింది. మధ్యలో గింజల బొమ్మ ఉంది. ఆ గింజల పలక మీద, మున్సిపాలిటీ ఆస్తి అని తెలియడానికి, త్రినాథ్ పెద్ద అక్షరాలతో 'కమిషనర్' అని రాయించి ఉన్నాడు.

"అయిదూళ్లూ కమిషనర్ గారికి కాళ్ల మీద పడతన్నాయేటి?" అన్నాడు పోలినాయుడు.

కమిషనర్ గారు అటువంటి ఉద్దేశం లేదన్నారు గానీ, ఆయన మొహం కొంచెం వెలిగినట్టు మంగవేణి తరవాత అందరికీ చెప్పింది. అక్కడ మాత్రం, ఆ అయిదూళ్ల చరిత్రలో మొట్టమొదటిసారిగా, పోలినాయుడూ మంగవేణీ ఒకే మాట మీదికి వచ్చారు. ఏ ఊరి కోడీ ఎవరికీ తల దించరాదు.

"మరి కదిలేదెలాగ?" అన్నారు కమిషనర్. "ఇది చలనశీల కళ."

"తల ఎత్తమనండి," అన్నాడు పోలినాయుడు. "ఎత్తితే మాకేటీ అభ్యంతరం నేదు."

నూకరత్నం తలుపు దగ్గర నుంచి ఉండబట్టలేక అంది: "ఎత్తాలంటే ముందు దించాల కదా బావూ."

"సాంకేతిక విషయాలు తరవాత," అన్నారు కమిషనర్.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. 'కళాఖండంలోని పక్షులు తల ఎత్తవచ్చును గానీ ఏ పరిస్థితుల్లోనూ దించరాదు. దించిన పక్షిపై విచారణ జరుగును.' తీర్మానం ప్రకారం, సాష్టాంగంలో ఉన్న కోళ్లని మేళతాళాలతో ఒక్కసారి పైకి ఎత్తారు. చప్పట్లు కొట్టారు. తరవాత అవి మళ్లీ దిగకుండా ఒక్కో మెడకి నాలుగేసి బోల్టులు బిగించారు. తోకల సమస్యకు కోళ్ల వెనకవైపు కూడా ఒక్కో తల అతికించారు. అది అతికించింది నూకరత్నమే. అతికిస్తున్నంతసేపూ ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకుండా ఉండగా చూడ్డం అదే మొదటిసారని సన్నిబాబు భయపడ్డాడు.

ఇంటికొచ్చాక అన్నాడు: "ఒదినా, బొమ్మ కదిలితే కర్ర కదుల్తాదన్నాడు. బొమ్మ కదల్దు. రొయ్యల కంపెనీలో మనిద్దరికీ పేర్లు రాయించీమంటావా?"

"రెండ్రోజులాగు," అంది నూకరత్నం. "ఆఫీసోళ్లకి దారి నేకపోతే గోడకైనా కన్నం ఎడతారు."

ధ్రువపత్రం ఇచ్చే తనిఖీ వారం రోజుల్లో ఉందని ఫోను వచ్చింది. కమిషనర్ గారు కళా సలహాదారును పిలిపించారు. ఆయన రాజధాని నుంచి వచ్చి, రెండు తలల కోళ్ల చుట్టూ చెప్పులు విప్పి మూడుసార్లు తిరిగి, కళ్లు మూసుకుని, తెరిచి, ఇలా సెలవిచ్చారు:

"చలనం అనేది వస్తువులో లేదు. వస్తువుకీ వీక్షకుడికీ మధ్య సంబంధంలో ఉంది. రైల్లో కూచుంటే చెట్లు కదలడం లేదా? చెట్లకి ఎవరైనా మోటారు పెట్టారా?"

"లేదు," అన్నారు కమిషనర్.

"కాబట్టి పక్షులు కదలనక్కర్లేదు. ప్రజలు కదిలితే చాలు."

కమిషనర్ గారు లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు. తన ఉద్యోగ జీవితంలో ఇంత సులువైన పని ఎవరూ చెప్పలేదన్నారు. కోళ్లని కదపడానికి తీర్మానం అడ్డం, ప్రజల్ని కదపడానికి ఏ తీర్మానమూ అడ్డం లేదు.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. కూడలి దాటే ప్రతి పౌరుడూ పసుప్పచ్చ పాదాల గుర్తుల మీద నిలబడి, కోళ్లని చూస్తూ మూడుసార్లు గుంజిళ్ల మాదిరిగా లేచి కూర్చోవాలి. పౌరుడు కూర్చుంటే కోడి లేచినట్టూ, పౌరుడు లేస్తే కోడి వంగినట్టూ కనిపిస్తుంది. కానీ అది నిజంగా వంగినట్టు కాదు కాబట్టి తీర్మానానికి భంగం లేదు. హైస్కూలు డ్రిల్లు మాస్టారిని డెప్యుటేషన్ మీద తెచ్చి విజిలిచ్చి నిలబెట్టారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మినహాయింపు ఉందన్నారు. ఆ మినహాయింపు కాగితం కోసం పెద్దాసుపత్రిలో క్యూ కట్టారు. ఆ కాగితం తీసుకుని ఇంటికి వెళ్లాలంటే కూడలి దాటాలి కాబట్టి, దాటేటప్పుడు గుంజిళ్లు తీశారు.

"ఏటి పెద్దమ్మా, కాయితం ఉంది కదా, మళ్లీ లెగిసి కూకుంతన్నావ్?" అని ఒకావిణ్ణి సన్నిబాబు అడిగితే, "కాయితం సూపించడానికి సంచీలోంచి తియ్యాల, తియ్యాలంటే కూకోవాల, ఎలాగూ కూకున్నాను గదా అని మూడూ తీసీసేను," అంది.

పోలినాయుడు మాత్రం మొదటి రోజు ఒప్పుకోలేదు. నేను ఎవడి ముందూ కూచుని లేవనన్నాడు. మీరు కూచుంటేనే మీ ఊరి కోడి అందరికంటే ఎత్తుకి లేస్తుంది కదా అని డ్రిల్లు మాస్టారు చెప్పాడు. ఆ మాట వినగానే ఆయన పంచె బిగించి ఇరవై ఒక్క గుంజిళ్లు తీశాడు. అది చూసి మంగవేణి, ఆడబిడ్డలతో కలిసి ముప్ఫై తీసింది. ఆ వారంలో అయిదూళ్ల మధ్యా ఇది తప్ప వేరే తగువు లేదు.

ఒక చిక్కు మిగిలింది. బస్సుల్లో వెళ్లేవాళ్లు సీట్లలో కూచుని అలాగే వెళ్లిపోతున్నారు. వాళ్లకి ఉచిత చలన దర్శనం కల్పించడానికి కూడలి నాలుగు వైపులా అయిదేసి స్పీడు బ్రేకర్లు వేయించారు. సంతకి వెళ్లే గుడ్ల బళ్లకి అక్కడితో కాలం చెల్లింది.

తనిఖీ రోజు జాయింట్ డైరెక్టరమ్మ కారులో వచ్చింది. కూడలిలో నాలుగొందల మంది గుర్తుల మీద నిలబడి ఉన్నారు. లక్కబొమ్మల వీధి వాళ్లు మొదటి వరసలో ఉన్నారు, వాళ్లకి తప్పదు కాబట్టి. నూకరత్నం కారును చూడలేదు, కారు ముందు చక్రాలను చూస్తోంది.

విజిలు పడింది. నాలుగొందల మంది కూచున్నారు, లేచారు. అదే క్షణాన కారు మొదటి బ్రేకరు ఎక్కింది. రెండోది ఎక్కింది. జాయింట్ డైరెక్టరమ్మ సీటు మీంచి ఎగిరి, దిగి, మళ్లీ ఎగిరింది. చేతిలో పెన్ను కూడా ఎగిరింది. అద్దంలోంచి ఆవిడకి అయిదు కోళ్లూ పది తలలతో ఊగిపోతూ కనిపించాయి. అయిదో బ్రేకరు దిగేసరికి ఆవిడ తల కారు పైకప్పుకు ఠపీమని తగిలింది.

"చాలు చాలు! కదులుతున్నాయి!" అంది. "అవసరానికి మించి కదులుతున్నాయి!"

దిగకుండానే సంతకం పెట్టింది. చలన ధ్రువపత్రం వచ్చింది. రిమార్కుల గళ్లో 'చలన తీవ్రత తగ్గించవలెను' అని రాసి ఉంది. దాని కోసం మరో కమిటీ వేశారు, ఆ సంగతి మనకెందుకు.

నూకరత్నం ఆ సాయంత్రమే కమిషనర్ గారి గది ముందు కూచుంది. ఆయన మాట తప్పే మనిషి కాదు. సిఫారసు రాశారు. పది రోజుల్లో అటవీ శాఖ ఉత్తర్వు వచ్చింది, లక్కబొమ్మల వీధికి మూడు లారీల అంకుడు కర్ర. వీధంతా లేతుల మీది బస్తాలు దింపేశారు. పిల్లి తల్లి తన పిల్లల్ని నోట కరుచుకుని అటక మీదికి మార్చింది. సన్నిబాబు లారీ మాట్లాడి, వదినను వెంటబెట్టుకుని, కొండకింద డిపోకి వెళ్లాడు.

రేంజి ఆఫీసరు ఉత్తర్వు రెండువైపులా చదివాడు.

"కేటాయింపు ఉత్తర్వు తెచ్చారు. రవాణా అనుమతి ఏది?"

"అదేటి బావూ?"

"కర్ర మీదే. కానీ కదపడానికి వేరే శాఖ అనుమతి కావాలి. దరఖాస్తు పెడితే చలికాలం వెళ్లేలోగా వస్తుంది. అప్పటిదాకా ఇక్కడే ఉంటుంది. మీరు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు."

దసరా నలభై రోజుల్లో ఉంది. సన్నిబాబు లారీ టైరుకు ఆనుకుని కూలబడ్డాడు. నూకరత్నం తెల్లగా పేర్చి ఉన్న దుంగల్ని చూసింది. ఒకదాని మీద చెయ్యి వేసి, బెరడు గోటితో గీకి, వాసన చూసింది.

"ఎప్పుడైనా ఒచ్చీయొచ్చా బావూ?"

"రావచ్చు."

"కూకోవచ్చా?"

"కూచోండి. చెట్టు నీడ ఉంది."

"ముట్టుకోవచ్చా?"

"మీ కర్ర, మీ చెయ్యి."

"ఉలితో ముట్టుకోవచ్చా?"

ఆఫీసరు నిబంధనల పుస్తకం తీశాడు. డిపోలోకి తేకూడని వాటిలో గొడ్డలి ఉంది, రంపం ఉంది, నిప్పు ఉంది. ఉలి లేదు.

"దుంగ ఇక్కణ్ణించి కదలనంతవరకూ మాకు అభ్యంతరం లేదు," అన్నాడు.

"లేతు మీద తిరుగుతాది గానీ, కదలదు బావూ. ఉన్నకాడే తిరుగుతాది."

ఆయన పుస్తకం మళ్లీ తిరగేశాడు. ఉన్నచోటే తిరిగేది రవాణా కిందికి రాదని చివరికి తేల్చాడు. మీరు చాలా చట్టబద్ధమైన మనిషని మెచ్చుకున్నాడు కూడా.

మూడో నాడు లక్కబొమ్మల వీధి మొత్తం డిపోలోకి దిగింది. కరెంటు లేదు కాబట్టి, తాతలనాటి తాడు లేతుల్ని అటకల మీంచి దింపారు. ఒకరు తాడు లాగుతోంటే ఒకరు ఉలి పడతారు. రొయ్యల కంపెనీకి వెళ్లినవాళ్లు కూడా వాసన కడుక్కుని వచ్చేశారు. అన్నాలు అక్కడే, కబుర్లు అక్కడే. లక్క రాలిన ఉలి పొట్టు మీద పడుకున్న డిపో కుక్క రంగురంగులుగా తయారైంది. ముప్ఫై ఆరు రోజుల తరవాత దుంగల కుప్ప కరిగిపోయి, ఆ జాగాలో బుట్టలు పేర్చారు. బుట్టల నిండా పలకలు. పలకల మీద అయిదేసి కోళ్లు.

ఆటోలకి ఎత్తారు. డిపో దాటాక అర కిలోమీటరు దూరంలో అటవీ చెక్‌పోస్టు. అడ్డంగా గేటు కర్ర. కానిస్టేబుల్ లాంటి ఖాకీ మనిషి బుట్టలోకి తొంగి చూశాడు.

"కర్రా?"

"కోళ్లు బావూ," అంది నూకరత్నం.

ఆయన గోడ మీది పట్టీ చదివాడు. టేకు, వెదురు, బొగ్గు, వంటచెరకు, తేనె. కోళ్లు లేవు. అనుమానం తీరక రేంజి ఆఫీసరుకు ఫోను చేశాడు. అవతలి నుంచి గొంతు బయటికి వినిపించింది.

"అవి కదులుతున్నాయా?"

ఖాకీ మనిషి ఒక బొమ్మ తీసి గుండు ఊపాడు. టక్ టక్ టక్.

"కదుల్తన్నాయి సార్."

"అయితే అది కర్ర కాదు. కర్ర కదలకూడదని నేనే ఆంక్ష పెట్టాను. వదిలెయ్."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు గానీ బొమ్మ వదల్లేదు. గుండు ఊపుతూనే ఉన్నాడు. మొహంలో ఏదో మెత్తబడింది. తరవాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, మాది కూనపాలెం. ఇందులో మా ఊరి కోడేది?"

మళ్లీ ఊళ్ల తగువొచ్చిందని సన్నిబాబు బుట్ట మీద గుడ్డ కప్పేశాడు. ఆటోల్లోవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. నూకరత్నం మాత్రం బొమ్మ వైపు చూసి, తాపీగా అంది:

"ముందు లెగిసింది మీదే బావూ."

ఖాకీ మనిషి గుండు తిప్పుతూ మెడ వంచి చూశాడు. ఒకటి లేచింది. అందరికంటే ముందు లేచింది. ఆయన మీసం విచ్చుకుంది. రెండో చేత్తో గేటు కర్ర తాడు లాగాడు, అది పైకి లేచింది, ఆటోలు ఒకదాని వెనక ఒకటి దాటిపోయాయి. ముందు లేవాలంటే ముందు వంగినదై ఉండాలి కదా అని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.